కంపు వాళ్లది, చెత్త మనది

తొలకరి పడిందంటే ఎవరైనా మట్టివాసన కోసం వాకిట్లోకి వస్తారు. హైదరాబాద్‌కు ఈశాన్యపు అంచున ఉన్న జవహర్‌నగర్, దమ్మాయిగూడ, నాగారం, మల్కారం, హరిదాస్‌పల్లి వైపు మాత్రం ఆ రోజు తలుపులూ కిటికీలూ బిడాయిస్తారు. నాలుగు చినుకులు పడి మళ్లీ ఎండ కాసిందా, ఆ సాయంత్రం ఇంట్లో అన్నం సయించదు. చలికాలం తెల్లవారుజామున గాలి కదలదు కాబట్టి కంపు నేలబారున ఊళ్లోనే తిష్ఠ వేస్తుంది. ఇది నిన్నమొన్నటి కష్టం కాదు. అక్కడ పుట్టి, అక్కడే బడికెళ్లి, ఇప్పుడు ఉద్యోగాలకు వెళుతున్న పిల్లలున్నారు. వాళ్లకు డంపింగ్ యార్డు లేని జవహర్‌నగర్ ఎలా ఉండేదో తెలియదు.

సుమారు 350 ఎకరాల యార్డు అది. నగరంలో రోజూ పోగయ్యే ఏడెనిమిది వేల టన్నుల చెత్తలో పెద్ద వాటా ఇక్కడికే వస్తుంది. గల్లీల్లో తిరిగే స్వచ్ఛ ఆటోలు ట్రాన్స్‌ఫర్ స్టేషన్లలో దింపుతాయి. అక్కడ నొక్కి కుక్కిన చెత్త పెద్ద లారీలకెక్కి రాత్రీ పగలూ తేడా లేకుండా యార్డు దారి పడుతుంది. ఆ లారీల వెనక బైకు మీద వెళ్లినవాళ్లకు తెలుస్తుంది, దారి పొడవునా కారే ఆ నల్లటి నీళ్లు ప్యాంటు మీద చిందితే ఎన్ని ఉతుకులకు వదులుతాయో.

ఈ చుట్టుపక్కల ఉండేది ఎక్కువగా రెక్కాడితే గానీ డొక్కాడని జనం. జవహర్‌నగర్‌లో చాలా భాగం ప్రభుత్వ భూమి. అరవై గజాలో, వంద గజాలో నోటరీ కాగితాల మీద కొనుక్కుని, పైసా పైసా కూడబెట్టి ఒక గది, ఆ తర్వాత ఇంకో గది వేసుకున్నవాళ్లు. నగరంలో ఇంకెక్కడా కొనలేక వచ్చినవాళ్లు. బోర్లలో నీళ్లు రంగు మారాయని, కుండలో పట్టి ఉంచితే పైన తెట్టె కడుతోందని, చుట్టాలొస్తే రాత్రికి నిలవడం లేదని, మా ఊరంటే పిల్లనివ్వడానికి వెనకాడుతున్నారని ఇక్కడి ధర్నాల్లో ఏళ్ల తరబడి వినిపిస్తున్న మాటలే. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ యార్డును తరలిస్తామన్న హామీ కూడా పాతదే.

తరలించడమన్నది ఒకసారి జరిగిన పనే. అంతకుముందు నగరం చెత్త ఆటోనగర్ దగ్గర, మహావీర్ హరిణ వనస్థలి పక్కన పడేది. వనస్థలిపురం, హయత్‌నగర్ వైపు ఇళ్లు పెరిగాయి, జనం గొడవ చేశారు, అది మూతపడింది. బండ్లు జవహర్‌నగర్ బాట పట్టాయి. అంటే జవహర్‌నగర్ కష్టం మొదలైంది ఇంకో ఊరి కష్టం తీరినందుకే. ఇప్పుడు జవహర్‌నగర్ భారం తగ్గించాలని సంగారెడ్డి జిల్లా గుమ్మడిదల మండలం ప్యారానగర్‌లో కొత్త యార్డు తలపెట్టారు. 2025 ఫిబ్రవరిలో పోలీసుల్ని పెట్టుకుని పనులు మొదలుపెట్టగానే ప్యారానగర్, నల్లవల్లి, గుమ్మడిదల భగ్గుమన్నాయి. రైతులు, ఆడవాళ్లు నెలల తరబడి రోడ్డు మీద కూర్చున్నారు. జవహర్‌నగర్‌ను చూశాక వాళ్లకు ఎవరూ నచ్చజెప్పే పరిస్థితి లేదు. కళ్లముందు కనబడుతున్నదాన్ని ఏ పవర్‌పాయింటూ మాయం చేయలేదు.

అధికారులు ఏమీ చేయలేదంటే అది అబద్ధమే అవుతుంది. 2009లో చెత్త నిర్వహణను ప్రైవేటు సంస్థకు అప్పగించారు. అప్పటిదాకా గుట్టలుగా పేరుకున్న దాదాపు 1.2 కోట్ల టన్నుల పాత చెత్తను చదును చేసి, మట్టి పరిచి, పైన నీరు దిగని ప్లాస్టిక్ పొర వేసి, మళ్లీ మట్టి పోసి గడ్డి పెంచారు. దూరం నుంచి చూస్తే పచ్చటి గుట్టే. లోపల పుట్టే వాయువు బయటికి రావడానికి గొట్టాలు పెట్టారు. 2020లో చెత్తను కాల్చి కరెంటు తీసే ప్లాంటు నడక మొదలైంది. ముందు 19.8 మెగావాట్లు, తర్వాత 24. చెత్తలోంచి ఊరిన మురుగు మల్కారం చెరువును నల్లగా మార్చేస్తే, ఆ నీటిని శుద్ధి చేసే ప్లాంటును 2023లో ప్రారంభించారు. చెరువు బాగుకు, ఆ ప్లాంటుకు కలిపి రూ.250 కోట్ల లెక్క చెప్పారు. ఇవన్నీ పనికొచ్చే పనులే. అయినా కంపు పోలేదు. ఎందుకు పోలేదో చూడాలంటే యార్డు దాకా వెళ్లక్కర్లేదు, మన వంటింటి సింకు కింద చూస్తే చాలు.

ఓ మామూలు అపార్ట్‌మెంట్ ఫ్లాటు. సాయంత్రం ఏడింటికి సింకు కింద బకెట్టులో ఏముంటుంది? పొద్దుటి టీపొడి, మధ్యాహ్నం నమిలేసిన మునక్కాయ తుక్కు, ఏరేసిన కరివేపాకు, మిగిలిన చారన్నం. ఆ చారన్నం ఉత్తిగా ఉండదు, కారుతుందని పాలప్యాకెట్టులో పోసి ముడేసి ఉంటుంది. కర్రీ పాయింట్ నుంచి తెచ్చిన నాలుగు ప్లాస్టిక్ సంచులు, వాటి మూతికి బిగించిన దారాలు, అడుగున ఇంకా రెండు చెంచాల సాంబారు. పేపర్లో చుట్టిన ప్యాడ్, చంటిబిడ్డ డైపరు, తాతగారి బీపీ మాత్రల రేకు, అయిపోయిన రిమోట్ సెల్లు. వీటన్నిటినీ ఒక నల్ల కవరులో కుక్కి, మెడ బిగించి, రేపు పొద్దున ఆటో ఈల వినబడగానే ఇచ్చేయడానికి తలుపు పక్కన పెడతాం.

ఆ ముడి వేసినప్పుడే జవహర్‌నగర్ కంపు మొదలైపోయింది. అన్నం, కూర, తొక్కలు గాలి తగిలేచోట పడి ఉంటే కుళ్లి, ఎండి, కొన్నాళ్లకు మట్టిలో కలిసేవే. కవరులో ముడేసినా, కవర్ల గుట్ట కింద నలిగినా వాటికి గాలి అందదు. గాలి లేనిచోట పనిచేసే సూక్ష్మజీవులు వేరు. అవి చెత్తను తిని మీథేన్‌ను, కుళ్లిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వదులుతాయి. తడి అంతా కిందికి దిగుతూ పుల్లటి నల్ల నీరవుతుంది. ఆ నీరు దారిలో ఆ రిమోట్ సెల్లునూ, పగిలిన ట్యూబులైటునూ తాకితే వాటిలోని లోహాల్ని కూడా కరిగించుకుని భూమిలోకి దిగుతుంది. మల్కారం చెరువులోకి పోయింది అదే. బోరుబావుల్లో తేలిందీ అదే. మన నగరాల చెత్తలో సగానికి పైగా తడిచెత్తే. కాల్చి కరెంటు తీయాలన్నా ముందు ఆ తడిని వదిలించుకోవాలి. సాంబారు కలిసిన కాగితం మండదు, ఆరబెట్టాలి. ఆరబెట్టేదాకా గుంతలో ఉంచాలి. గుంతలో ఉన్నంతసేపూ కంపే.

పొడిచెత్త మాత్రమే వెళితే జవహర్‌నగర్‌లో ఈ స్థాయి వాసన ఉండదు. ఉత్త అట్టలూ సీసాలూ ప్లాస్టిక్కూ ఎన్ని గుట్టలు పోసినా కుళ్లవు. పైగా వాటికి గిరాకీ ఉంది. ఈ కష్టం మొత్తం కలపడంలో ఉంది.

ఈ సంగతి చట్టానికి తెలియనిదేం కాదు. అల్మిత్రా పటేల్ అనే ఆవిడ 1996లో సుప్రీంకోర్టుకు వెళ్లాక 2000లో వచ్చిన నిబంధనల్లోనే తడి, పొడి వేరుచేయాలని ఉంది. 2016 నిబంధనలు ఇంకో అడుగు ముందుకేసి, రోజుకు 100 కిలోలకు పైగా చెత్త వచ్చే హోటళ్లు, ఫంక్షన్ హాళ్ల లాంటివీ, 5 వేల చదరపు మీటర్లకు పైబడిన గేటెడ్ కమ్యూనిటీలూ వీలైనంత వరకు తమ తడిచెత్తను తమ ఆవరణలోనే ఎరువుగానో గ్యాసుగానో మార్చుకోవాలన్నాయి. హైదరాబాద్‌లో 2015లో ఇంటింటికీ రెండేసి బుట్టలు పంచారు. పచ్చది తడికి, నీలం పొడికి. దాదాపు 22 లక్షల ఇళ్లకు 44 లక్షల బుట్టలు. మంచి గట్టి ప్లాస్టిక్, మూతలతో సహా. అంత మంచి బుట్టలో చెత్త ఎవరేస్తారు? బియ్యం పోసుకున్నారు, నల్లా వచ్చినప్పుడు నీళ్లు పట్టుకున్నారు, మిద్దె మీద తులసి మొక్క నాటుకున్నారు. నవ్వుకోవచ్చు గానీ, రెండు బుట్టల్లో వేరుచేసి ఇచ్చినవాళ్లు కూడా కళ్లారా చూసిందేమిటి? ఆటోలో రెండూ ఒకే తొట్టిలో పడటం. ఆ దృశ్యం ఒక్కసారి చూసిన ఇల్లాలు మళ్లీ వేరుచేయదు. చేయమని అడిగే మొహం ఎవరికీ ఉండదు.

ఆ ఆటో వెనక నడిచే మనిషి గురించి ఒక మాట. ఆటోకు రెండు వైపులా పెద్ద పెద్ద బస్తాలు వేలాడుతుంటాయి, గమనించే ఉంటారు. మనం ఇచ్చిన నల్ల కవరును ఆయన వేళ్లతో చింపుతాడు. లోపలికి చేయి పెట్టి నీళ్ల సీసా లాగి ఒక బస్తాలో, అట్ట ముక్క లాగి ఇంకో బస్తాలో వేస్తాడు. ఇదంతా బండి కదులుతుండగానే, తర్వాతి ఇంటికి వెళ్లేలోపు జరగాలి. గ్లౌజులు ఉంటే ఉంటాయి. పగిలిన గాజుగ్లాసు, ఇంజెక్షన్ సూది ఆ కవరులోనే ఉంటాయి. ఇంటికి నెలకింత అని ఇచ్చే డబ్బు డీజిలుకూ ఆటో వాయిదాకూ పోగా, ఆ బస్తాలు అమ్మితే వచ్చేదే ఆ కుటుంబానికి చేతికందేది. అట్ట తడిస్తే పాత సామాన్ల కొట్టువాడు తూకంలో కోత వేస్తాడు. కూర అంటిన ప్లాస్టిక్ డబ్బాను పక్కకు విసిరేస్తాడు. మనం బద్ధకించి కలిపేసిన ప్రతి సాంబారు చుక్కా ఆయన కూలిలోంచి కోతే. పొడిచెత్తను మనవాళ్లు ఎప్పుడూ ఊరికే పారేయలేదు. పాత పేపర్లు, పాత ఇనప సామాన్లు కొంటామని మైకు పెట్టుకుని వచ్చే బండి ఉంది. చిరిగిన జరీ చీరకు స్టీలు గిన్నె ఇచ్చే వాళ్లు ఉన్నారు. రాలిన వెంట్రుకలకు కూడా బేరం ఉంది. ఏ ప్రభుత్వ పథకమూ లేకుండా నడుస్తున్న రీసైక్లింగ్ ఇది. దానికి మనం చేయగల సాయమల్లా దాని మీద చారు పోయకపోవడమే.

తడిచెత్తకు కూడా ఒకప్పుడు ఇలాంటి దారే ఉండేది. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కాయగూరల తొక్కలు, మిగిలిన అన్నం కుడితి గోలెంలోకి పోయేవి, బర్రె తాగేది. పేడ, బూడిద, ఆకూ అలమూ పెంటకుప్ప మీదికి చేరి ఎండాకాలంలో బండెక్కి పొలానికి వెళ్లేవి. ఆ కాలం బంగారమని చెప్పబోవడం లేదు. పెంటకుప్ప దగ్గర ఈగలూ ఉండేవి, రోగాలూ ఉండేవి. దాన్ని ఎత్తే పని ఎప్పుడూ కొందరి చేతులకే వచ్చేది. కానీ ఇంటి తడిచెత్త ఇరవై కిలోమీటర్లు డీజిల్ తాగి ఇంకొకరి ఊరికి వెళ్లేది కాదు. బర్రె పోయింది, గోలెం పోయింది, వాటి స్థానంలో మనం పెట్టుకున్నది నల్ల కవరు.

ఇప్పటి పట్నంలో బర్రె లేకుండా ఏం చేయాలన్నదానికి జవాబు ఈ నగరంలోనే ఉంది. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో రోజూ టన్నుల కొద్దీ కుళ్లిన టమాటాలు, క్యాబేజీ ఆకులు, వాడిన కూరలు మిగులుతాయి. తార్నాకలోని ఐఐసీటీ శాస్త్రవేత్తల పరిజ్ఞానంతో అక్కడ బయోగ్యాస్ ప్లాంటు పెట్టారు. రోజుకు పది టన్నుల వ్యర్థాలు వేస్తే సుమారు 500 యూనిట్ల కరెంటు, మార్కెట్ క్యాంటీన్‌లో వంటకు గ్యాసు వచ్చేలా. 2021 జనవరిలో ప్రధాని రేడియో ప్రసంగంలో కూడా దీని ప్రస్తావన వచ్చింది. యార్డులో కంపుతో పాటు పుట్టే మీథేనే ఇక్కడ పొయ్యి వెలిగిస్తోంది. తేడా అల్లా, ఇక్కడ ప్లాస్టిక్ కలవదు. మార్కెట్ వ్యర్థం మొదటి నుంచీ ఒకే రకం. ఇంటి చెత్తతో ఇదే చేయాలని చాలా ఊళ్లలో చూశారు గానీ, కవర్లు ఏరడంతోనే సరిపోతుంది.

ఇల్లు ఇల్లూ వేరుచేయగలదా అంటే, సూర్యాపేట చేసి చూపించింది. 2003 ప్రాంతంలో ఎస్.ఎ. ఖాదర్ మునిసిపల్ కమిషనర్‌గా ఉన్నప్పుడు లక్ష జనాభా ఉన్న ఆ పట్టణంలో ఇంటింటికీ రెండు బుట్టలు, ఇంటి ముందుకు ట్రాక్టరు, తడిచెత్తకు వానపాముల ఎరువు, పొడిచెత్త అమ్మకం. వేరే రాష్ట్రాల మునిసిపాలిటీల వాళ్లు వచ్చి చూసి వెళ్లారు. పెద్ద యంత్రాలేం లేవు, కోట్ల ప్యాకేజీ లేదు. ట్రాక్టర్లో తడికీ పొడికీ వేరే గదులుండటమూ, పొద్దున్నే వీధిలో అడిగే మనిషి ఉండటమూ, ఆ రెండే. ఇలాంటివి ఒక అధికారి పట్టుదల మీద నిలబడుతుంటాయి. బదిలీ ఉత్తర్వు రాగానే ఏమవుతుందన్నది మన మునిసిపాలిటీలను ఎరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో ఇంకో దారి తొక్కారు. 2021 అక్టోబరు 2న ‘క్లీన్ ఆంధ్రప్రదేశ్’ పేరుతో పట్టణాల్లో కొత్త బండ్లు, ఇంటికి మూడు బుట్టలు వచ్చాయి, వాటితో పాటు నెలనెలా రుసుమూ వచ్చింది. జనం దానికి ‘చెత్త పన్ను’ అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టినప్పుడే దాని గతి ఖాయమైపోయింది. ఎన్నికల్లో అదొక అస్త్రమైంది. ప్రభుత్వం మారాక 2024 అక్టోబరు 2న దాన్ని రద్దు చేస్తున్నట్టు ముఖ్యమంత్రి మచిలీపట్నంలో ప్రకటించారు. రద్దును తప్పుపట్టను. తడి, పొడి వేరుచేసి ఇచ్చినవాడికీ, అంతా కలిపేసినవాడికీ ఒకే రేటు పెట్టిన రుసుముకు జనం కట్టుబడతారని అనుకోవడమే పొరపాటు. వేరుచేసిన ఇంటికి సగం, కలిపిన ఇంటికి రెట్టింపు అని ఉంటే పన్ను పేరు తిట్టుకుంటూనే అలవాటు మారేదేమో.

అసలు చెత్తే తగ్గించడం ఇంకా తేలిక, ఇంకా కష్టం. కర్రీ పాయింట్‌కు టిఫిన్ డబ్బా తీసుకెళ్తే నాలుగు కవర్లు మిగులుతాయి. కొట్టువాడు ఏమీ అనడు, అతనికి కవరు ఖర్చు తగ్గుతుంది. మనకే ఏదో నామోషీ. పెళ్లిళ్ల సంగతి వేరే చెప్పాలా? ఐదొందల మంది భోజనం చేస్తే ఐదొందల ప్లేట్లు, వెయ్యి గ్లాసులు, లెక్కలేనన్ని చిన్న నీళ్ల సీసాలు, వాటిలో సగం నీళ్లు అలాగే. సిద్దిపేట జిల్లా ఊళ్లలో మహిళా సంఘాల చేతికి స్టీలు కంచాలు, గ్లాసులు ఇచ్చి ‘స్టీల్ బ్యాంకు’లు నడుపుతున్నారు. శుభకార్యానికి అద్దెకు తీసుకుని, కడిగి తిరిగిచ్చేయాలి. ఒకప్పుడు ఊరి సామాను ఇలాగే ఉమ్మడిగా ఉండేది కాబట్టి ఊళ్లలో ఇది కొత్తగా అనిపించదు. పట్నంలో కాలనీకి ఒకటి పెట్టుకోవచ్చు. కడిగేదెవరన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది.

ఇక ఎరువు సంగతి. ఇంట్లో చేసుకోవడం వంట కంటే తేలిక. చిల్లులు పెట్టిన డ్రమ్ము, అడుగున నాలుగు వేళ్ల మందాన ఎండుటాకులు. రోజూ తొక్కలు వేసి, పైన గుప్పెడు కొబ్బరిపొట్టు చల్లాలి. పాలకు తోడు వేసినట్టు పాత ఎరువు గుప్పెడు కలిపితే త్వరగా మాగుతుంది, అదీ లేకపోతే పుల్లమజ్జిగ. వారానికి రెండుసార్లు కర్రతో కలియబెట్టాలి. చేయి పెడితే వెచ్చగా తగులుతుంది, పని జరుగుతోందన్నమాట. నలభై, అరవై రోజుల్లో నల్లటి మట్టి. తెల్ల పురుగులు కనబడ్డాయంటే తడి ఎక్కువైందని అర్థం. ఎండుటాకులు ఎక్కువ వేస్తే అవే పోతాయి. వాసన వచ్చిందంటే గాలి అందలేదని. ఇంతకు మించి విద్య లేదు.

విద్య లేదు గానీ వివాదముంది. అపార్ట్‌మెంట్ సంఘం సమావేశంలో ఎరువు డ్రమ్ముల మాట ఎత్తండి, అందరూ మంచి ఆలోచనంటారు. ఎక్కడ పెడదామని అడగండి. మొదటి అంతస్తువాళ్లు మా బాల్కనీ కింద వద్దంటారు. కార్లవాళ్లు పార్కింగ్‌లో కుదరదంటారు. ఖాళీగా ఉన్న మూలేమో ఈశాన్యం, అక్కడ చెత్తేమిటండీ, అరిష్టం. గేటు పక్కన పెడితే వచ్చేపోయేవాళ్లు ఏమనుకుంటారు? గంటసేపు మాట్లాడాక అందరికీ సమ్మతమైన చోటొకటి దొరుకుతుంది, వాచ్‌మన్ గది పక్కన. అక్కడ భార్య, ఇద్దరు పిల్లలతో ఉండే ఆయనను ఎవరూ అడగరు, ఆయనా వద్దనడు. సరిగ్గా చేస్తే ఆ డ్రమ్ము వాసన రాదని పైన రాశాను కదా. అది నిజమే కాబట్టి, మొదటి ఆరు నెలలు సంఘం కార్యదర్శి బాల్కనీ కింద పెట్టాలని నా ప్రతిపాదన.